మూకీ రోజుల్లో రైలు, గుర్రం, నవ్వు

సభకు నమస్కారం. అమెరికా మూకీ చిత్రాల్లో కౌబాయ్ కథలది ఒక దారి, హాస్య చిత్రాలది ఇంకో దారి అనుకోవడం మనకు అలవాటు. ఆ రెండూ ఒక తల్లి బిడ్డలేనని, నిజమైన చోట నిజమైన మనిషి చేసే సాహసమే రెండింటికీ ప్రాణమని నా నమ్మకం.

1903లో ఎడిసన్ కంపెనీ కోసం ఎడ్విన్ పోర్టర్ తీసిన ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ నిడివి సుమారు 12 నిమిషాలు. దోపిడీ, పలాయనం, గుర్రాల మీద వెంటాడడం అన్న వరుస అందులో చక్కగా కుదిరింది. ఆ చిత్రంలో చిన్న వేషాలు వేసిన గిల్బర్ట్ ఆండర్సన్, 1907లో షికాగోలో జార్జ్ స్పూర్‌తో కలిసి ఎస్సనే సంస్థను నెలకొల్పి, ‘బ్రాంకో బిల్లీ’ పాత్రతో పేరు తెచ్చుకుని, కాలిఫోర్నియాలోని నైల్స్ అనే చిన్న ఊళ్లో స్టూడియో కట్టించారు. 1915లో చార్లీ చాప్లిన్ ‘ది ట్రాంప్’ తీసింది ఆ ఊళ్లోనే. కౌబాయ్ గుర్రాలు తిరిగిన పరిసరాల్లోనే చాప్లిన్ దేశదిమ్మరి కూడా నడిచాడు.

ఈ బంధుత్వం పూర్తిగా పండింది మాత్రం మూకీ హాస్య నటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ చేతిలో. గంభీరమైన కౌబాయ్ వేషాలకు పేరుపడిన విలియం హార్ట్‌ను ఆయన 1922లో ‘ది ఫ్రోజెన్ నార్త్’లో గ్లిసరిన్ కన్నీళ్లతో అనుకరిస్తే హార్ట్ నొచ్చుకున్నారు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన ‘ది జనరల్’లో కీటన్ అనుకరణను వదిలి, వెంటాడడాన్నే కథగా మలిచారు. 1862లో అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య సాగిన అంతర్యుద్ధ కాలంలో జార్జియాలో ఉత్తరాది సైనికులు ఒక రైలింజన్‌ను అపహరించిన ఉదంతం దానికి మూలం. చిత్రీకరణ మటుకు ఒరెగాన్‌లోని కాటేజ్ గ్రోవ్ దగ్గర జరిగింది.

అందులో ఒక సన్నివేశాన్ని మీరు ప్రత్యేకంగా గమనించాలని కోరుతున్నాను. ఇంజన్ ముందుభాగంలో కూర్చున్న కథానాయకుడు, పట్టాలకు అడ్డంగా పడి ఉన్న స్లీపరు (పట్టాల కింద పరిచే కొయ్య దుంగ) కొస మీదికి తన చేతిలోని స్లీపరును విసిరి, రెండింటినీ ఒక్క దెబ్బతో పక్కకు ఎగరగొడతాడు. కెమెరా దూరంగా నిలబడి మనిషినీ, ఇంజన్‌నూ, పట్టాలనూ ఒకే చట్రంలో చూపిస్తుంది కనుక, గురి తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పకుండానే మనకు తెలుస్తుంది. మన నవ్వు ఆ భయంలోంచే పుడుతుంది. చివరలో తగలబడుతున్న వంతెన మీదనుంచి నదిలో కూలినది కూడా బొమ్మ ఇంజన్ కాదు, అసలైనదే. ఒరెగాన్ నేషనల్ గార్డ్ సైనికులు దుస్తులు మార్చుకుంటూ రెండు పక్షాల సైన్యాలుగానూ నటించారు.

అయితే ఈ చిత్రంలో కథానాయకుడు బానిసత్వాన్ని నిలుపుకోవాలన్న దక్షిణాది పక్షం వాడు, ఆ యుద్ధానికి మూలమైన బానిసత్వం గురించి కథ ఒక్క మాటైనా ఎత్తదు. కీటన్‌ను ఎంత ప్రేమించినా ఈ మౌనాన్ని నేను సమర్థించలేను.

విడుదలైనప్పుడు విమర్శకులు పెదవి విరిచారు, పెట్టిన ఖర్చుకు తగిన రాబడి రాలేదు. భద్రపరచదగిన చిత్రాలను ఎంచే అమెరికా జాతీయ చలనచిత్ర జాబితాలో 1989లో తొలి విడతలోనే దీనికి చోటు దక్కినా, అప్పటికి కీటన్ మరణించి రెండు దశాబ్దాలు దాటింది. 1928లో ఆయన స్వతంత్ర నిర్మాణాన్ని వదులుకుని ఎంజీఎం అనే పెద్ద హాలీవుడ్ స్టూడియోలో చేరారు. సాహస దృశ్యాలను అక్కడికక్కడే ఊహించి తీసే స్వేచ్ఛ అక్కడ క్రమంగా చేజారింది. తన వృత్తిజీవితంలో అదే అతి పెద్ద పొరపాటని ఆయనే తర్వాత చెప్పుకున్నారు.