2,14,74,83,647: ఒక ప్రధాన సంఖ్య పరిచయం

సభకు నమస్కారం. ఈ సాయంత్రం ఒకే ఒక్క సంఖ్యను గురించి మాట్లాడతాను. మన పద్ధతిలో చదివితే అది రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ముప్పై ఒక్క రెండ్లను వరుసగా గుణించి, వచ్చిన లబ్ధంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ఇదే. ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే రాస్తే, ముప్పై ఒక్క ఒకట్లు తప్ప మరేమీ కనిపించవు.

ఇది ప్రధాన సంఖ్య అని 1772లో గణితవేత్త ఆయిలర్ ప్రకటించాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మామూలు దారిలో వెళితే, దీని వర్గమూలంలోని పూర్ణాంక భాగమైన 46,340 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే నాలుగు వేల ఏడు వందలకు పైగా సంఖ్యలతో, భాగించి చూడాలి. ఆయన ఆ చాకిరీని ఎలా తగ్గించాడో కాస్త నిదానంగా చూద్దాం.

ఏదైనా ఒక ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తుందనుకుందాం. 31 కూడా ప్రధాన సంఖ్యే కాబట్టి, ఫెర్మా సిద్ధాంతం ప్రకారం ఆ భాజకంలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 31తో భాగింపబడి తీరాలి. అంతేకాదు, ఆ భాజకంతో 2 యొక్క 32వ ఘాతాన్ని (ముప్పై రెండు రెండ్ల లబ్ధాన్ని) భాగిస్తే శేషం 2 వస్తుంది. ఆ ఘాతం ఒక వర్గం కనుక, ఒక తెలిసిన నియమం ప్రకారం భాజకాన్ని 8తో భాగించినప్పుడు 1 గాని 7 గాని మిగలాలి. ఈ రెండు షరతులనూ కలిపితే, భాజకాన్ని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 మాత్రమే కావాలని తేలుతుంది. 46,340 లోపల అలాంటివి, ఒకటిని వదిలేస్తే, 373 మాత్రమే ఉన్నాయి. అందులోనూ 63, 249 వంటివి ప్రధాన సంఖ్యలే కావు. మొదట నిలబడేది 311. దానితో భాగిస్తే 35 మిగులుతుంది. మిగతావీ ఇలాగే ఓడిపోతాయి. సంఖ్యలను తరగతులుగా విడదీయడం పేర్లు పెట్టుకునే సరదా కాదని నేననేది ఇందుకే.

ఇక దీని తరగతులు. 2 యొక్క ఏదైనా ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యను మెర్సెన్ సంఖ్య అంటారు. మెర్సెన్ ప్రధాన సంఖ్యల్లో ఇది ఎనిమిదోది. ఘాతాంకమైన 31 కూడా మెర్సెన్ సంఖ్యే కావడం అరుదైన విశేషం. నాలుగుతో భాగిస్తే మూడు మిగులుతుంది కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయలేం. రెండు తేడాతో ఉండే కవల ప్రధాన సంఖ్య కూడా దీనికి లేదు: రెండు తక్కువైన సంఖ్య 5తో ముగుస్తుంది, రెండు ఎక్కువైనది 3తో భాగింపబడుతుంది. దీన్ని 2 యొక్క 30వ ఘాతంతో గుణిస్తే ఒక పరిపూర్ణ సంఖ్య, అంటే తనను తప్ప మిగతా భాజకాలన్నిటి మొత్తానికి సమానమైన సంఖ్య, వస్తుంది. అంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్యను ఇక ఎవరూ కనుక్కోరని 1811లో గణితవేత్త బార్లో రాశాడు. ఆ శతాబ్దం ముగియకముందే ఆ మాట తప్పింది.

కంప్యూటర్లలో ధన, రుణ గుర్తుతో కలిపి 32 బిట్లలో (32 ద్విసంఖ్యా స్థానాల్లో) దాచే పూర్ణాంకానికి గరిష్ఠ విలువ ఇదే. 1970 జనవరి 1 నుంచి సెకన్లను ఆ గడిలోనే లెక్కపెట్టుకుంటున్న పాత యంత్రాలకు, మన గడియారంలో 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల తర్వాత లెక్కించడానికి చోటు మిగలదు.