రాత్రి కాపలా పెరిగిందా? పిల్లల డీఎల్‌ఏ మళ్లీ చూడమని అడిగే ముందు

[తెర: అర్ధరాత్రి ఫోన్‌లో గ్లూకోజ్ అలారం. తల్లి లేచి జ్యూస్ డబ్బా అందుకుంటుంది.]

నమస్కారమండీ. ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్న మనవాళ్ల కోసం ఈ వీడియో. డీఎల్‌ఏ అంటే డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్, వైకల్యమో దీర్ఘకాలిక జబ్బో ఉన్న పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు. స్కాట్లాండ్ పద్ధతి వేరు.

టైప్ 1 డయాబెటిస్ ఉన్న ఎనిమిదేళ్ల పాప ఉందనుకోండి. పగలు చూసుకోవాల్సినదాన్ని బట్టి డీఎల్‌ఏలో కేర్, అంటే సంరక్షణ భాగం కింద మధ్య రేటు వస్తోంది. ఇప్పుడేమో రాత్రుళ్లు కూడా షుగర్ పడిపోతోంది. అమ్మో నాన్నో మాటిమాటికీ లేవాల్సిందే.

[తెర: వారానికి 29.20, 73.90, 110.40 పౌండ్లు]

ఇవి 2025–26లో ఉన్న కేర్ రేట్లు: కింది, మధ్య, పై. పగలు గానీ రాత్రి గానీ ఒక పూటే గట్టి సాయం కావాలంటే మధ్యది, రెండు పూటలా అయితే పైది. ఈ పరిస్థితి మూడు నెలలుగా ఉండాలి, ఇంకో ఆరు నెలలు ఉండేలా కనిపించాలి.

డీఎల్‌ఏ ఇచ్చే ప్రభుత్వ శాఖకు (డీడబ్ల్యూపీకి) ఫోన్ చేసే ముందు ఒక్క మాట. వాళ్లు రాత్రి సంగతి ఒక్కటే చూసి ఊరుకోరు, అవార్డు, అంటే ఇప్పటికే మంజూరైన డీఎల్‌ఏ, మొత్తం తిరగేస్తారు. పెరగొచ్చు, తగ్గొచ్చు, ఆగిపోనూవచ్చు. అందుకని పగలు చేసేది కూడా మళ్లీ మొదటినుంచి రాయండి.

[తెర: డైరీ పేజీ. "1:40 – షుగర్ 3.4. జ్యూస్ తాగించా. పావుగంటకు మళ్లీ చూశా. 2:20కి పడుకున్నా."]

ఇలా రాయాలి. "రాత్రి నిద్ర ఉండదు" అంటే వాళ్లకేం తెలుస్తుంది? ఎన్నిసార్లు లేచారు, ఎంతసేపు మేలుకున్నారు, అదీ కావాల్సింది. అదే వయసు మామూలు పిల్లలకంటే ఎంత ఎక్కువ చేయాల్సి వస్తోందో చూస్తారు. పాప ఎలా ఉందని ఎవరైనా అడిగితే "బాగానే ఉందండీ" అనేస్తాం మనం. ఫారంలో ఆ మర్యాద వద్దు. డయాబెటిస్ నర్సు ఉత్తరం, స్కూల్ కేర్ ప్లాన్ జతచేయండి.

అవసరం తగ్గినా చెప్పాల్సిందే. దాస్తే ఎక్కువొచ్చిన డబ్బు తిరిగి కట్టమంటారు.

వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం డబ్బు) తీసుకోకూడదని ఉంటే మాత్రం ముందు ఇమిగ్రేషన్ సలహా తీసుకోండి. డీఎల్‌ఏ ఆ లెక్కలోకే వస్తుంది.

[తెర: ఉత్తరం మీద తేదీకి ఎర్ర గీత]

నిర్ణయం నచ్చకపోతే ఆ తేదీ నుంచి నెలలోపు మళ్లీ పరిశీలించమని అడగండి. అప్పటికీ కాదంటే ట్రైబ్యునల్ ఉంది. పై రేటు వచ్చిందా, యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే సాయం) తీసుకుంటుంటే వాళ్లకూ చెప్పండి. అక్కడ పిల్లల వైకల్యానికి ఇచ్చే మొత్తం కూడా పెరుగుతుంది.