కొత్త క్లౌన్ ఫిష్ ఇంటికొచ్చిన రోజు: కవరు విప్పే ముందు, విప్పాక

నమస్తే అండి. క్లౌన్ ఫిష్, అంటే ఉప్పునీళ్ల ట్యాంకులో పెంచే సముద్రపు రంగు చేప. ఆ చేప కవరు ఇప్పటికే మీ చేతిలో ఉంటే దాన్ని అప్పుడే విప్పకండి. ముందు రెండు సంగతులు తెలియాలి. చేప ఆ కవరులోకి వెళ్లి ఎన్ని గంటలైంది? షాపు ట్యాంకులో ఉప్పు ఎంత ఉంది? దింపే పద్ధతి ఈ రెండిటిని బట్టే మారుతుంది. అందరికీ ఒకటే పద్ధతి అనుకోవడం వల్లే, చక్కగా ఈదుతూ వచ్చిన చేప కూడా మర్నాడు పొద్దున్నకి అడుగున పడి ఉంటుంది.

మనం చూపించేది ఒసెల్లారిస్, అంటే నారింజ ఒంటి మీద మూడు తెల్ల పట్టీలుండే రకం. పర్క్యులా, క్లార్కీ, సెబే లాంటి వేరే క్లౌన్ ఫిష్ రకాలకైనా పని ఇదే. వీలైతే హ్యాచరీలో పుట్టిన పిల్లనే అడిగి తీసుకోండి. మన దేశంలో సీఎంఎఫ్‌ఆర్‌ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ ఫిష్‌ని ట్యాంకుల్లోనే గుడ్లు పెట్టించి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. అందుకని సముద్రంలో పట్టిన చేపే కొనాల్సిన అవసరం లేదు. హ్యాచరీ పిల్ల గుళికల మేతకు అలవాటుపడి ఉంటుంది, జబ్బుల బరువు కూడా తక్కువ మోసుకొస్తుంది. కొనేముందు షాపతన్ని మీ ఎదుటే మేత వెయ్యమనండి. తినని చేపను ఎంత తక్కువకిచ్చినా వద్దనండి.

[తెర మీద: కట్టి ఉన్న కవరు, దగ్గర నుంచి]

ఇప్పుడు కవరు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. చేప ఊపిరి వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక నీళ్లలోనే కరుగుతుంది, దాంతో పీహెచ్, అంటే నీళ్లలో పులుపు, క్షారం ఎంతో చెప్పే అంకె, పడిపోతుంది. అదే సమయంలో చేప విసర్జించే అమ్మోనియా కూడా పోగవుతుంటుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ ఆ అమ్మోనియాలో ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాని వల్ల చేపకు పెద్ద ప్రమాదం లేదు. కవరు విప్పారా, కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. మీ ట్యాంకు నీళ్లు చుక్కచుక్కగా కలిపారా, పీహెచ్ ఇంకా పెరుగుతుంది. పీహెచ్ ఒక్క పాయింటు పెరిగితే విషపు రూపంలోని అమ్మోనియా దాదాపు 10 రెట్లవుతుంది. గంటసేపు నెమ్మదిగా, ఎంతో జాగ్రత్తగా చుక్కలు వేస్తున్నామనుకుంటాం. ఆ గంటా చేప మొప్పలు కాలిపోతుంటాయి. డ్రిప్ పద్ధతి చెడ్డదని కాదు. దాన్ని ఎప్పుడు వాడాలో తెలిసి వాడాలి.

అందుకే గంటల లెక్క. మీ ఊళ్లోనే కొని 2 గంటల్లోపు ఇంటికి తెచ్చారనుకోండి, డ్రిప్ చేసుకోవచ్చు. చెన్నై నుంచో ముంబై నుంచో పార్సిల్లో వచ్చిందనుకోండి, డ్రిప్ ఊసే ఎత్తకండి. అలాంటి చేపకు దిగబోయే నీళ్ల ఉప్పును ముందే కవరు నీళ్లతో సమానం చేసి పెట్టుకోవాలి. కవరు విప్పిన నిమిషాల్లోనే చేప ఆ నీళ్లలో ఉండాలి.

ఉప్పు కొలవడానికి ఇదిగో, రిఫ్రాక్టోమీటర్. భీమవరం, నెల్లూరు వైపు ఆక్వా షాపుల్లో అడిగితే సెలైనోమీటర్ అని ఇస్తారు, రొయ్యల రైతులు చెరువు నీళ్లు చూసుకునేది దీంతోనే. అద్దం మీద రెండు చుక్కలు వేసి, మూత మూసి, అర నిమిషం ఆగి, వెలుతురు వైపు చూడండి. నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె చదవాలి. ఆ అంకె పీపీటీలో ఉంటుంది, అంటే వెయ్యి పాళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పో. నెలకోసారి 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూసుకోండి. మంచినీళ్లతో సున్నా మాత్రమే చూసి వదిలేస్తే 35 దగ్గర తేడా ఉన్నా మీకు తెలియదు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ను ఈ పనికి నమ్మకండి. ముల్లుకు ఒక్క గాలి బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది.

మన ట్యాంకు 35 పీపీటీ దగ్గర, 25 నుంచి 27 డిగ్రీల వేడి దగ్గర ఉండాలి. చాలా షాపుల్లో మాత్రం 25 నుంచి 28 పీపీటీ మధ్యే నడుపుతారు. ఉప్పు ఆదా అవుతుంది, పరాన్నజీవులు కూడా కాస్త తగ్గుతాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఎక్కువ ఉప్పు నుంచి తక్కువకి చేప తేలిగ్గానే సర్దుకుంటుంది. తక్కువ నుంచి ఎక్కువకి ఒక్కసారిగా తెస్తే ఒంట్లో నీళ్లు బయటికి లాగేస్తాయి. ఆ దెబ్బ వెంటనే కనపడదు, ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. అప్పటికి మనం ఏదో జబ్బనుకుంటాం.

కాబట్టి కొత్త చేపను ముందు క్వారంటైన్ ట్యాంకులోకే, అంటే విడిగా ఉంచి చూసే తొట్టిలోకే దింపాలి. దీనికి 40 లీటర్ల గాజు తొట్టి చాలు. ఒక హీటర్, ఒక ఎయిర్ పంపు, చేప దాక్కోవడానికి ఒక పీవీసీ ఎల్బో, ఒక స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. ఆ స్పాంజ్‌ను కనీసం 4 వారాల ముందే మీ పెద్ద ట్యాంకు సంప్‌లో, అంటే కింద ఉండే ఫిల్టరు తొట్టిలో, పడేసి ఉంచితే అమ్మోనియాను తినే బాక్టీరియా దాని మీద పెరిగి ఉంటుంది. కొత్త స్పాంజ్ పెట్టి పని నడిపిద్దామంటే కుదరదు. మూడో రోజుకల్లా అమ్మోనియా లేస్తుంది. ఇసుక, రాళ్లు ఇందులో వద్దు. తర్వాత రాగి మందు వెయ్యాల్సొస్తే అవి మందును పీల్చేసుకుంటాయి.

షాపతనికి ముందురోజే ఫోన్ చేసి ఉప్పు ఎంతో అడగండి. 27 పీపీటీ అన్నాడనుకోండి. 35 పీపీటీ నీళ్లు 31 లీటర్లకు 9 లీటర్ల ఆర్వో నీళ్లు కలిపితే 40 లీటర్లూ దాదాపు 27కి వస్తాయి. చేప వచ్చాక కవరు నీళ్లు కూడా ఒకసారి కొలవండి, ఫోన్లో చెప్పిన అంకెకూ దీనికీ తేడా ఉండొచ్చు.

ఇక దింపుదాం. గదిలో లైట్లు తగ్గించండి, ట్యాంకు లైటు పూర్తిగా ఆపేయండి. కట్టి ఉన్న కవరును అలాగే నీళ్ల మీద 20 నిమిషాలు తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. ఎండ తగిలే కిటికీ పక్కన తేలనివ్వకండి, కవరులో నీళ్లు ఇట్టే వేడెక్కుతాయి. తర్వాత కవరు పైభాగం కత్తిరించి, రెండు చుక్కల నీళ్లు తీసి ఉప్పు చూడండి. తేడా 2 పీపీటీలోపు ఉంటే ఇక ఆలోచించకండి. చేపను చిన్న ప్లాస్టిక్ గిన్నెతో ఎత్తి, ఆ నీళ్లను వేళ్ల సందుల్లోంచి బకెట్లోకి వంచేసి, చేపను తొట్టిలోకి వదలండి. వల వాడకపోతే మంచిది, వల దారాలకు ఒంటి మీది జిగురు పొర గీసుకుపోతుంది. కవరు నీళ్లు ఒక్క గ్లాసు కూడా మీ ట్యాంకులో పొయ్యకండి.

దగ్గర్లోనే కొని, అమ్మోనియా పెద్దగా పోగవని చేపకు డ్రిప్ ఇలా. కవరును నీళ్లతో సహా చిన్న బకెట్లోకి వంచండి. ఎయిర్ ట్యూబుకు మధ్యలో చిన్న వాల్వు పెట్టి, ఒక కొస ట్యాంకులో ముంచి, రెండో కొస నుంచి నీళ్లు లాగి బకెట్లోకి వదలండి. సెకనుకు 2 నుంచి 4 చుక్కలు. బకెట్లో నీళ్లు రెండింతలయ్యాక సగం పారబోసి, మళ్లీ రెండింతలు కానివ్వండి. మొత్తం 40 నిమిషాలు దాటొద్దు, ఈలోపు బకెట్లో నీళ్లు చల్లబడుతున్నాయేమో చేత్తో కాదు, థర్మామీటరుతో చూడండి. ఇది 2, 3 పీపీటీ తేడా వరకే పనికొస్తుంది. 8 పీపీటీ తేడాను 40 నిమిషాల్లో పూడ్చేద్దామనుకోకండి.

ఆ తేడాను రోజుల మీద పూడ్చాలి. రోజుకు ఒక పీపీటీ చొప్పున పెంచండి. 27 దగ్గరున్న 40 లీటర్ల తొట్టిలో 5 లీటర్లు తీసి, 35 పీపీటీ నీళ్లు 5 లీటర్లు పోస్తే 28 అవుతుంది. తేడా తగ్గేకొద్దీ ఎక్కువ నీళ్లు మార్చాలి. 31 దగ్గరికొచ్చేసరికి అదే ఒక్క పీపీటీకి 10 లీటర్లు పడుతుంది. నీళ్లు మార్చడం వల్ల అమ్మోనియా కూడా అదుపులో ఉంటుంది, కాబట్టి పొడి ఉప్పు నేరుగా తొట్టిలో వెయ్యాలన్న ఆలోచన రానివ్వకండి.

నీళ్ల గురించి ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో మిషన్ నీళ్లు చాలామంది వాడుతుంటారు. వాటిలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) కంట్రోలర్ పెట్టి కొంత మామూలు నీళ్లు కలుపుతారు, కొన్నిటిలో ఖనిజాల క్యాట్రిడ్జ్ ఉంటుంది. ఇప్పుడు కొత్తగా రాగి కలిపే మిషన్లు వస్తున్నాయి. ఆ నీళ్లు పెద్ద ట్యాంకులోకి వెళ్తే రొయ్యలు, నత్తలు, పగడాలు దెబ్బతింటాయి, రాగి వాటికి అతి తక్కువ మోతాదులోనే విషం. మీ మిషన్లో మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే పైపుకు డీఐ క్యాట్రిడ్జ్, అంటే మిగిలిన లవణాల్ని కూడా తీసేసేది, ఒకటి తగిలించుకుని, టీడీఎస్ సున్నాకు దగ్గరగా ఉన్న నీళ్లే పట్టండి. మెరైన్ సాల్ట్ ప్యాకెట్ మీద రాసిన లెక్కతో, లీటరుకు సుమారు 36 నుంచి 38 గ్రాములు కలిపి, పంపుతో ఒక రోజు తిప్పి, కొలిచాక వాడండి. కల్లుప్పు, సైంధవ లవణం దీనికి పనికిరావు.

చేప దిగింది. మొదటి రోజు మేత వద్దు, లైటు వద్దు. ఒక మూల పైపైన నిలబడి ఒళ్లు ఊపుకుంటూ ఉంటుంది. క్లౌన్ ఫిష్ ఈతే అలా ఉంటుంది, అది జబ్బు కాదు. రాత్రి పక్కకు ఒరిగి, కొన్నిసార్లు నీటి పైభాగంలో, కొన్నిసార్లు హీటరుకు ఆనుకుని నిద్రపోతుంది. చచ్చిపోయిందనుకుని వేలు పెట్టి కదపకండి. తొట్టి మీద మూత లేదా సన్నటి జాలీ ఉండి తీరాలి. బెదిరిన చేప ఎగిరి బయటపడేది ఈ రెండు మూడు రాత్రుల్లోనే.

రెండో రోజు కొంచెం మేత. గడ్డకట్టించి అమ్మే మైసిస్ (బుల్లి రొయ్యల్లాంటి జీవులు) కరిగించి గానీ, అర మిల్లీమీటరు గుళికలు గానీ వేసి, 5 నిమిషాల తర్వాత మిగిలింది సైఫన్‌తో తీసేయండి. తినకపోతే కంగారుపడి ఇంకా వెయ్యకండి. అమ్మోనియా ఒక్కసారిగా లేచేది చేప విసర్జన కంటే, అది తినని మేత కుళ్లడం వల్ల. మూడో రోజుకూ నోరు తెరవకపోతే అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే కంటికి నలుసుల్లా కనిపించే ఉప్పునీటి రొయ్య పిల్లలు, వెయ్యండి. కదిలే మేతను చూసి చాలా చేపలు మొదలుపెడతాయి. కోస్తాలో రొయ్యల హ్యాచరీలకు అమ్మే షాపుల్లో ఆర్టీమియా గుడ్ల డబ్బా దొరుకుతుంది. 28 డిగ్రీల ఉప్పునీళ్లలో గాలి పెట్టి ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. అమ్మోనియా కిట్‌తో రోజూ చూడండి. ఏ మాత్రం రంగు మారినా ఆ రోజే నీళ్లు మార్చాలి.

ఇక కళ్లు పెట్టి చూడాల్సింది ఒంటి మీది పొర. తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతూ, చేప ఆయాసపడుతూ, నీళ్లు చిమ్మే చోటే నిలబడుతోందంటే అది బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి జబ్బు. క్లౌన్ ఫిష్‌కు ఎంత తరచుగా వస్తుందంటే దాన్ని క్లౌన్ ఫిష్ జబ్బనే పిలుస్తారు. ఒకటి రెండు రోజుల్లో చంపేస్తుంది, రాగి మందు దానికి పనిచెయ్యదు. ఫార్మలిన్ స్నానమే దారి. వేరే బకెట్లో 10 లీటర్ల ఉప్పునీళ్లకు 37 శాతం ఫార్మలిన్ ఒకటిన్నర మిల్లీలీటరు కలిపి, గాలి గట్టిగా పెట్టి, చేపను 45 నిమిషాలు ఉంచండి. చేప తూలితే వెంటనే మందు లేని ఉప్పునీళ్లలోకి తీసెయ్యండి. స్నానం తర్వాత పాత తొట్టిలోకి కాదు, శుభ్రమైన కొత్త నీళ్ల తొట్టిలోకి వెయ్యాలి, లేకపోతే అదే జబ్బు మళ్లీ అంటుకుంటుంది. ఫార్మలిన్ ఆవిరి మనిషికీ హాని. చేతికి గ్లవుజులు వేసుకుని, కిటికీలు తెరిచి, పిల్లల్ని దూరంగా పంపి చెయ్యండి. సీసా అడుగున తెల్లగా గడ్డకట్టి ఉంటే ఆ సీసా పారెయ్యండి, ఆ తెల్లటిది చేపకు మరింత విషం.

ఉప్పు పలుకుల్లా తెల్ల చుక్కలు కనపడితే అది ఇక్ అనే జబ్బు, గోధుమరంగు దుమ్ము చల్లినట్టుంటే వెల్వెట్ అనే జబ్బు. ఈ రెండిటికీ రాగి పనిచేస్తుంది, కానీ రాగి టెస్ట్ కిట్ లేకుండా మందు ముట్టుకోవద్దు. వెల్వెట్ కూడా ఆగే జబ్బు కాదు, రేపు చూద్దామనుకోకండి.

4 నుంచి 6 వారాలు చక్కగా తింటూ, మచ్చ లేకుండా ఉంటే, ఉప్పు 35కి వచ్చాక పెద్ద ట్యాంకులోకి మార్చవచ్చు. ఎండాకాలంలో అయితే పెద్ద ట్యాంకు వేడి ముందు చూడండి. 30 దాటుతుంటే నీటి మీద ఫ్యాను పెట్టాలి. ఫ్యాను వేడిని 2, 3 డిగ్రీలు దించుతుంది, దాంతోపాటు నీళ్లు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. తగ్గినంత మేర మంచినీళ్లు, అంటే డీఐ నీళ్లు, రోజూ కలపాలి. కరెంటు పోతుండే ఊరైతే బ్యాటరీ ఎయిర్ పంపు పక్కనే ఉంచుకోండి.

జత కావాలంటే ఒకటి చిన్నది, ఒకటి కాస్త పెద్దది, రెండూ పిల్లలే తీసుకోండి. ఇవన్నీ మగవిగానే ఎదుగుతాయి, పెత్తనం చేసే పెద్దది ఆడదవుతుంది. చిన్నది దాని ముందు ఒళ్లు వణికిస్తే లొంగిపోయిందని గుర్తు, అది మంచిదే. ఇదివరకే ఎదిగిన ఆడది ఉన్న ట్యాంకులో ఇంకో పెద్ద చేపను వేస్తే ఒకటి చచ్చేదాకా పోరు ఆగదు.

ఎనిమోన్, అంటే సముద్రంలో క్లౌన్ ఫిష్ ఆశ్రయం తీసుకునే పువ్వులాంటి జీవి, సంగతి చాలామంది అడుగుతారు. ట్యాంకులో పుట్టిన చేప దాన్ని ఎప్పుడూ చూడలేదు, అది లేకుండానే సుఖంగా బతుకుతుంది. కొత్త ట్యాంకులో ఎనిమోన్ నిలవదు. చచ్చి కుళ్లితే ఒక్క రాత్రిలో నీళ్లన్నీ పాడుచేస్తుంది. మీ ట్యాంకు ఏడాదిపాటు నిలకడగా నడిచాక, పంపులకు జాలీలు బిగించాక మాత్రమే దాని గురించి ఆలోచించండి.