గడ్డికి నిప్పు పెట్టకండి, బొగ్గు చేద్దాం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చెబితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, మన్నించాలి. బయోచార్ గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను, కానీ ముందు మా అమ్మ గురించి చెప్పాలి.

అమ్మకు ఆయాసం. సార్వా వరి కోతలయ్యాక ఓ పది పదిహేను రోజులు సాయంత్రం కాగానే కిటికీలు మూసేసి, తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కేవాళ్లం. ఒక రాత్రి ఊపిరి అందక ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే పొగలో దారే కనపడలేదు. ఆ పొగలో మా చేనిదీ ఉంది. పొద్దున నేనే అంటించాను. అమ్మ ఆ రాత్రి గట్టెక్కింది గానీ, ఆ తర్వాత నేను చేలో అగ్గిపుల్ల గీయలేదు.

ఎందుకు అంటించానంటారా? కోత మిషను గడ్డి చేనంతా పరిచేసి పోతుంది, ఇంట్లో పాడి లేదు, మేటు వేసే మనుషులు లేరు, కాలవలో నీళ్లుండగానే రెండో పంట దాళ్వాకు దమ్ము చేసుకోవాలి. మీ అందరిదీ ఇదే కథ కాదా? చెప్పండి!

బయోచార్ అంటే బొగ్గే. గడ్డి, కొబ్బరి చిప్పల్లాంటి చెత్తను గాలి సరిగా అందకుండా 350 నుంచి 700 డిగ్రీల వేడిలో మగ్గిస్తే, అందులోని కార్బన్‌లో సుమారు సగం బొగ్గుగా నిలబడి వందల ఏళ్లు నేలలో ఉంటుంది. దాని సన్నటి రంధ్రాలు నీటిని, ఎరువును పట్టి ఉంచుతాయి. మురుగునీటిలోని రంగులను, సీసం లాంటి లోహాలను కూడా పట్టుకుంటుంది.

నేను మొదట గోతిలో గడ్డి వేసి కాల్చాను, అంతా బూడిదైంది. గడ్డి తేలిక, దానికి మూత ఉన్న డ్రమ్ము కావాలి. కొబ్బరి చిప్పలకు గొయ్యి చాలు. కింద వేసిన వాటి మీద తెల్లటి బూడిద పొర కనపడగానే ఇంకో వరస వేయాలి, చివర్లో నీళ్లు కొట్టి ఆర్పాలి.

ఇంకోటి, వట్టి బొగ్గు తిన్నగా మడిలో వేయకండి. నేను వేశాను, నత్రజని అదే పీల్చుకున్నట్టుంది, నారు పసుపెక్కిపోయింది. పేడ, ఆవు మూత్రం కలిపి రెండు మూడు వారాలు మాగనివ్వాలి. చౌడు నేలలవాళ్లు ముందు మట్టి పరీక్ష చేయించుకోండి, బొగ్గు క్షారం పెంచుతుంది.

ఆదివారం మా చేలో గొయ్యి తీస్తున్నాం. చిప్పలు ఉన్నవాళ్లు పట్టుకురండి. నీళ్ల డ్రమ్ములు మాత్రం నేను ముందే నింపి పెడతాను.