ది పబ్లిక్ ఎనిమీ (1931): కంటికంటే చెవికి ఎక్కువ భయం

నమస్తే అండీ. ఈరోజు మాట్లాడుకోబోయేది 'ది పబ్లిక్ ఎనిమీ' గురించి. డైరెక్టర్ విలియం వెల్‌మన్, హీరో జేమ్స్ క్యాగ్నీ, తీసింది వార్నర్ బ్రదర్స్. హాలీవుడ్ సెన్సార్ నియమాలు 1930లోనే రాసుకున్నా, గట్టిగా అమలైంది 1934 నుంచి. ఆ మధ్యలో వచ్చిన సినిమా ఇది.

కథ షికాగోది. టామ్, మాట్ చిన్నప్పటి స్నేహితులు. చిల్లర దొంగతనాలతో మొదలుపెట్టి, మద్యనిషేధం రాగానే దొంగబీరు దందాలో దిగి డబ్బు చూస్తారు.

ఇలాంటి గ్యాంగ్‌స్టర్ సినిమా అనగానే నెత్తురు ఏరులై పారుతుందనుకుంటాం కదా? ఇక్కడ చాలా హత్యలు అసలు కనపడవు. పుట్టీ నోస్ అని ఒకడుంటాడు. వీళ్ల చేతికి మొదటిసారి తుపాకీ ఇచ్చి, అవసరానికి మొహం చాటేసినవాడు. ఏళ్ల తర్వాత ఇద్దరూ వాడి ఇంటికి వెళతారు. వాడు ప్రాణభయంతో బతిమాలుతూ, వీళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు పాడిన పాటే పియానో మీద అందుకుంటాడు. వెనకాల టామ్ తుపాకీ తీస్తాడు. అప్పుడు కెమెరా మెల్లగా పక్కకి జరిగి, గుమ్మం దగ్గరున్న మాట్ మొహం మీద ఆగుతుంది. తుపాకీ పేలుతుంది, పాట తెగిపోతుంది, పియానో మీటల మీద ఒళ్లు పడిన చప్పుడు. అంతే! మాట్ బిగుసుకుపోతే, టామ్ మాత్రం ఏమీ జరగనట్టు ఒక అమ్మాయికి ఫోన్ చేయాలంటాడు. ఆ మాటకే నాకు ఒళ్లు జలదరించింది. అప్పటికి టాకీలు వచ్చి నాలుగేళ్లే. శబ్దాన్ని ఇంత ధైర్యంగా నమ్ముకోవడం గొప్ప విషయం.

క్యాగ్నీని ముందు మాట్ పాత్రకి తీసుకున్నారు. షూటింగ్ మొదలయ్యాక, టామ్‌గా చేయాల్సిన ఎడ్వర్డ్ వుడ్స్‌తో పాత్రలు మార్చారు. ఆ మార్పే సినిమాని నిలబెట్టింది. నడకలో, భుజాల కదలికలో అంత కరెంటు ఉంది ఆయనలో! టామ్ తన ప్రియురాలి (నటి మే క్లార్క్) మొహానికి గ్రేప్‌ఫ్రూట్, అంటే పంపర పనస లాంటి పండు, రుద్దే సీను గురించి అందరూ చెబుతారు. చూస్తుంటే ఆ అమ్మాయి మీద జాలేస్తుంది.

లోపాలున్నాయి. నటి జీన్ హార్లో డైలాగులు అప్పజెప్పినట్టు ఉంటాయి. టామ్ అన్నయ్య మైక్ నీతులు మరీ ఎక్కువ.

ఒకటిన్నర గంట కూడా లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, ముఖ్యంగా టామ్ వానలో ఒంటరిగా శత్రువుల అడ్డాలోకి వెళ్లే సీను. కెమెరా బయటే ఉండిపోతుంది. లోపల ఏం జరిగిందో మీ చెవులే చెప్పాలి.