బ్లూ రిడ్జ్ సొరంగంలో నాన్నగారి బొటనవేలు

నమస్కారమండీ! ఈ ఆదివారం పులిహోర డబ్బా, మూడు టార్చిలైట్లు కారులో పడేసుకుని ఆష్‌బర్న్ నుంచి ఆఫ్టన్ వచ్చాం. వర్జీనియాలో కొండను తొలిచి కట్టిన పాత రైలు సొరంగం ఇక్కడే ఉంది. 1944లో రైళ్లు ఆగిపోయాయి. 2020 నుంచి నడిచి చూడనిస్తున్నారు. బయట ఎండ ఎంత కాస్తున్నా లోపల చలి. స్వెట్టరు మరిచిపోకండి. నేను మరిచిపోయాను.

నాన్నగారు గుంతకల్లులో రైల్వే పని చేసి రిటైరయ్యారు. ఫోటోలకు నిలబడమంటే వినరు. టార్చి తీసుకుని నేరుగా గోడ దగ్గరికి వెళ్లిపోయారు. రాతిలో బొటనవేలు ఇమిడేంత గాడి ఉంది. వేలు పెట్టి చూసి, "మిషను పని కాదురా ఇది, సమ్మెట దెబ్బ" అన్నారు.

సరిగ్గా చెప్పారు. 1850లో మొదలైన పని ఇది. ఒకరు ఉలిని తిప్పుతూ ఉంటే ఇంకొకరు సమ్మెటతో కొట్టడం, బెజ్జంలో మందుగుండు కూరి పేల్చడం. అలా 4,273 అడుగులు! రెండు వైపుల నుంచి తొలుచుకుంటూ వచ్చి 1856 డిసెంబరులో కలుసుకున్నారు. 1858లో రైలు నడిచింది. పేల్చే పనిలో ఎక్కువమంది ఐర్లండు నుంచి వలస వచ్చిన కూలీలే. 1854లో కలరా వచ్చి వాళ్లలో చాలామంది పోయారు. అయినా వాళ్లకు కూలి ముట్టేది, పెంచమని సమ్మె కూడా చేశారు.

వాళ్లతో పాటు నల్లజాతి బానిసలూ ఇక్కడ పని చేశారు. ఈ బానిసలను చుట్టుపక్కల భూస్వాముల దగ్గర నుంచి రైలు కంపెనీ అద్దెకు తీసుకుంది. దక్షిణాది రైలు కంపెనీల్లో చాలావాటికి ఇది అలవాటే. అంతర్యుద్ధానికి ముందు ఏటా 10,000 మందికి పైగా బానిసలు రైలు పనుల్లో ఉన్నారని చరిత్రకారుల అంచనా. జనవరి 1న ఒప్పందం మొదలైతే క్రిస్మస్‌కు ముగిసేది. తిండి, బట్టలు, చెప్పులు కంపెనీవి. అద్దె డబ్బు యజమానిది.

"కాంట్రాక్టు కూలీలన్నమాట" అన్నారు నాన్నగారు. కాదు నాన్నా, కాంట్రాక్టు కూలీ ఎంతో కొంత ఇంటికి తీసుకెళ్తాడు కదా అన్నాను. మా బానిసలను పేల్చే పనిలో పెట్టకూడదని కొందరు యజమానులు ఒప్పందంలో షరతు రాయించుకున్నారని కూడా చెప్పాను. ఆయన ముఖం కాస్త విప్పారింది. "పోనీలే, ఆ మాత్రం దయ ఉంది" అన్నారు. నాలుగడుగులు వేసి ఆగిపోయారు. "దయ కాదురా. జేసీబీ అద్దెకిచ్చేవాడు కూడా బండరాయి మీద నడపవద్దనే చెబుతాడు."

దానికి నా దగ్గర జవాబు లేదు. మనిషి చనిపోతే యజమానులు కంపెనీని నష్టపరిహారం అడిగేవారు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

అవతలి కొసలో గోడంతా ఇటుక కట్టుబడి, అక్కడ గాడులు కనిపించవు. పులిహోర అక్కడే తిన్నాం. తిరిగి వస్తూ నాన్నగారు ఆ గాడిని మళ్లీ వెతికి పట్టుకుని, "ఇప్పుడు తియ్యి ఫోటో" అన్నారు. ఈ వీడియో ముఖచిత్రంలో ఉన్న బొటనవేలు ఆయనదే.