ఏఐలో తాతయ్య: గొంతు ఆయనదే, మరి మాట ఎవరిది?

(తెరపై: గుంటూరు మిర్చి యార్డు, వరసగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు)

గుంటూరు అరండల్‌పేటలో ఓ పెద్దాయన ఉన్నారనుకుందాం. మిర్చి యార్డులో 40 ఏళ్లుగా కమీషన్ వ్యాపారం. మనవడికేమో తాతయ్యను ఏఐలో దించెయ్యాలని కోరిక. ఫోన్లో అచ్చం ఆయనలాగే కనపడాలి, మాట్లాడాలి, బేరం సలహా కూడా చెప్పాలి. ఎంతవరకు కుదురుతుందంటారు?

మొహం సంగతి త్వరగా తేల్చేస్తా. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో బృందం గ్యాన్ అనే పద్ధతి తెచ్చింది. ఒక ఏఐ నెట్‌వర్క్ దొంగ బొమ్మలు గీస్తుంటుంది, ఇంకోటి పట్టేస్తుంటుంది. ఆ పోటీలో దొంగ బొమ్మ ముదిరిపోతుంది. ఇప్పుడు వేరే పద్ధతులూ వచ్చాయి, ఒక్క ఫొటో ఇస్తే పెదాలు కదిపి మాట్లాడించేస్తున్నారు.

(తెరపై: గొంతు తరంగాలు)

గొంతు దగ్గర కాసేపు ఆగుదాం. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాల్-ఈ అనే మోడల్‌ను చూపించింది. 3 సెకన్లు వింటే చాలు, ఆ గొంతుతో ఏదైనా చదివేస్తుంది. అందరూ ఆ 3 సెకన్ల గురించే మాట్లాడుకున్నారు. అసలు కథ వెనకాల ఉంది: అంతకుముందే అది 60,000 గంటల ఇంగ్లీషు మాటలు విని కూర్చుంది. మాట ఎలా సాగుతుందో వేలమంది దగ్గర నేర్చుకుంది. మన 3 సెకన్ల నుంచి తీసుకునేది గొంతు తీరు మాత్రమే. మిగతాదంతా పరాయి సొమ్మే.

అందుకే, వార్తల తెలుగే ఎక్కువ విన్న మోడల్ తాతయ్య గొంతుతో "ఈ సరుకు నాణ్యంగా లేదు" అంటుంది. ఆయన జన్మలో అలా అని ఎరగరు. "ఏందిరా ఈ తాలు? ఎట్టా కొంటారనుకున్నావు?" అంటారు. తాలంటే రంగు పోయిన నాసిరకం కాయ.

ఇక ఆలోచన. 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 1,052 మందిని తలా రెండు గంటలు ఇంటర్వ్యూ చేసి, ఆ మాటలు చాట్‌జీపీటీ లాంటి భాషా మోడల్‌కిచ్చి, వాళ్ల బదులు సర్వేకు జవాబులు చెప్పించారు. రెండు వారాల తర్వాత మళ్లీ అడిగితే మనుషులే తమ పాత జవాబుల మీద పూర్తిగా నిలబడరు కదా. వాళ్లు నిలబడిన దాంట్లో 85 శాతం మేర ఆ ఏఐ కాపీ కూడా సరిపోలింది. గొప్పే. కాకపోతే అవి ఎక్కువగా అభిప్రాయాలడిగే ప్రశ్నలు.

మనవడు అడిగేది వేరు: "తాతయ్యా, ఈ తేజ రకం మిర్చి ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా?"

(తెరపై: టిక్కీలోకి దిగుతున్న చెయ్యి)

పెద్దాయన టిక్కీలోకి చెయ్యి పోనిచ్చి అడుగు కాయ తీస్తారు. పైకాయ ఎప్పుడూ బాగానే ఉంటుంది మరి. విరిచి తేమ చూస్తారు. రంగు, తొడిమ, గింజ చూస్తారు. సరుకు తెచ్చిన రైతుకు అప్పుల ఒత్తిడి ఎంతుందో కూడా ఆయనకు తెలుసు. ఇవేవీ మనవడు ఏఐకిచ్చే తాతయ్య వాట్సాప్ మెసేజ్‌ల్లో లేవు. అందులో ఉన్నది "ఆఁ, చూద్దాం లేరా" ఒక్కటే. కాపీకి దక్కేదీ అదే. పోనీ తెలీనిది తెలీదంటుందా అంటే, చాలాసార్లు అనదు. ఇంటర్నెట్లో దొరికే సగటు సలహాను తాతయ్య గొంతుతో తడబడకుండా చెప్పేస్తుంది. నా భయమంతా అక్కడే.

కాబట్టి మనవడు పాత వాయిస్ మెసేజ్‌లు పోగెయ్యడం కన్నా, సీజన్లో కొట్లో ఆయన పక్కన కూర్చుని "ఇదెందుకు వద్దన్నావు తాతయ్యా?" అని అడిగి రికార్డ్ చేసుకోవడం మేలు. అదీ ఆయన సరేనంటేనే. బాలుగారి గొంతును అనుమతి లేకుండా ఏఐతో సృష్టించారని ఆయన కుటుంబం 2024లో ఒక తెలుగు సినిమా వాళ్లకు లీగల్ నోటీసు పంపింది. అదే ఏడాది ఏ.ఆర్. రెహమాన్ ఓ తమిళ పాటలో, చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు. కుటుంబాలను అడిగి, పారితోషికం ఇచ్చి మరీ వాడామని చెప్పారు.

దొంగలు ఎవర్నీ అడగరు. తాతయ్య గొంతుతో "అర్జెంటుగా డబ్బు పంపరా" అని కొత్త నంబర్ నుంచి ఫోనొస్తే కట్ చేసి, మీ దగ్గరున్న ఆయన నంబర్‌కు మీరే చెయ్యండి. అప్పటికే పంపేశారా? ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.